జంట పక్కన పెట్టిన వేడి

ఆరేళ్లుగా ఫోన్ మోగితే నా గుండె జారుతుంది. నాన్న పనిచేసే గని ఊరు శ్రీరాంపూర్ నుంచైతే మరీ. ఎందుకో ఈ పొద్దుటి దాకా ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరుగరు, అందుకే మీకు చెబుతున్నాను.

కరీంనగర్‌లో ఒక చిన్న ఆఫీసులో చిప్‌ల లేఅవుట్ గీసేదాన్ని. బొగ్గుగనుల్లో మండే గ్యాస్‌ను కొలిచే మిషన్‌కు ఒక చిప్ చేశాం. సెన్సర్ పంపే సన్నటి సంకేతాన్ని అందులో రెండు ట్రాన్సిస్టర్లు పోల్చి చూస్తాయి. అవి కవలల్లా ఉండాలి. ఒకే కొలత, ఒకే దిక్కు, రెండింటికీ సమానమైన వేడి. చోటు చాలక, వేడెక్కే భాగాన్ని నేను ఒకదానికి ఆనించి పెట్టాను. కంప్యూటర్ తనిఖీలు దాన్ని పట్టుకోలేదు.

ఆ డిజైన్ సరేనని సంతకం చేసేముందు మా సీనియర్ రమాదేవి అడిగింది.

"జంటకు వేడి సమంగ తగుల్తదా? లెక్క కట్టినవా?"

"కట్టిన అక్కా."

"మంచిగ చూసినవు గద? నేను మళ్ల చూస్తలేను."

"చూసిన."

చూడలేదు. ఎందుకలా అన్నాను? గడువు దాటుతుందనా, చేతకానిదాన్ననుకుంటుందనా?

కొన్ని నెలలకు మా నాన్న, నేను బాపు అంటాను, శ్రీరాంపూర్ నుంచి ఫోన్ చేశాడు. ఆయన అక్కడి బొగ్గుగనిలో సర్దార్. పని మొదలయ్యే ముందు గ్యాస్ ఉందో లేదో చూసి చెప్పాలి. పరీక్షకని కొత్త మిషన్లు ఆయనకూ మరో ఇద్దరికీ ఇచ్చారట. మిషన్ పేరడిగాను. మా చిప్ ఉన్నదే. ఆ రోజే కూర్చుని లెక్క కట్టాను. మిషన్ వేడెక్కేకొద్దీ ఉన్న గ్యాస్‌ను తక్కువ చేసి చూపుతుంది.

"పాతది గూడ వెంట ఉంచుకో బాపూ" అన్నాను. అంతే.

మిగతా ఇద్దరు? వాళ్ల మాట నమ్మి లోపలికి దిగేవాళ్లు? వాళ్ల పిల్లలు నాలాంటివాళ్లే కదా అని తెలిసి కూడా, నా బాపును మాత్రం కాపాడుకుని, తొమ్మిది రోజులు నోరు మూసుకుని, ప్రతి షిఫ్టు దిగే వేళకు గడియారం చూస్తూ కూర్చున్నాను.

పదో రోజున బాపే రెండు మిషన్ల తేడా గమనించి పైవాళ్లకు చెప్పాడు. కొత్తవి వెనక్కి పోయాయి. ఎవరికీ ఏమీ కాలేదు. అందులో నా మంచితనం ఏమీ లేదు.

ఆఫీసు విచారణలో రమాదేవి, నన్ను అడిగే సంతకం చేశానంది. నన్నేమీ అడగలేదని నేనన్నాను. నా మాటే నమ్మారు. ఆమె ఉద్యోగం పోయింది. నాది నిలిచింది.

ఈ పొద్దున ఇవే మాటలు ఆమెకూ ఆఫీసుకూ రాసి పంపాను. జవాబు రాలేదు. బాపుకు ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఎలా చెప్పను? భయం పోలేదు. అయితే ఇన్నాళ్లూ నా ఒక్కదాని లోపలే ఉన్నది ఇప్పుడు కాగితం మీద ఉంది. ఆ మేరకు ఊపిరి ఆడుతోంది.