సత్తయ్య గారి సాలు

ఈ మాట కడుపులో పెట్టుకుని ఆరేళ్లయింది. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనక్కూడా. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు, బహుశా అందుకే నోరు పెగులుతోంది. పోయిన ఒక మనిషి సంగీతాన్ని నేను సగానికి నరికాను. నరికింది ఆయనేనని ఆయన భార్యకు చెప్పాను. అదిగో, చెప్పేశాను. దడ మాత్రం తగ్గలేదు.

నేను పియానో టీచర్ని. తెల్లాపూర్ అపార్ట్‌మెంట్లలో పిల్లలకు నేర్పుతాను. మా నాన్న గుంటూరు వైపు నుంచి పటాన్‌చెరు దగ్గరికి ఫ్యాక్టరీ ఉద్యోగానికొచ్చి క్వార్టర్స్‌లో స్థిరపడ్డాడు. ఆ క్వార్టర్స్ క్లబ్బులో ఒక పాత పియానో ఉండేది. క్లబ్బు చూసుకునే సత్తయ్య గారిది బొంతపల్లి పక్క ఊరు. పొలం ఫ్యాక్టరీల కిందికి పోయాక ఈ పనిలో చేరాడట. పియానో మీద దుమ్ము తుడుస్తూ తుడుస్తూ ఒక్కో మీటా నొక్కి నేర్చుకున్నాడు. ఎవరో ఇంజనీరు గారి భార్య స్వరాలు కాగితం మీద రాయడం నేర్పింది. సత్తయ్య గారు పోయాక ఆయన కోడలు ఒక నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. పియానో ఒక్కదానికే రాసిన తొమ్మిది ముక్కలు. వాయించి చూసి రెండు రోజులు అన్నం సయించలేదు నాకు. అంత బాగున్నాయి.

ప్రతి ముక్క చివరా ఒకే మాట ఉంది. సాలు. దాని కింద ఎడమవైపు తిరిగిన చిన్న బాణం.

మా ఇంట్లో ఒక అలవాటు. ఇక్కడివాళ్ల మాటను మనసులో దిద్దుకుని వినడం. సూడు అంటే చూడు, సెప్పు అంటే చెప్పు. అమ్మ నవ్వేది. నేనూ నవ్వేదాన్ని, ఇక్కడే పుట్టి, ఇక్కడి మంజీర నీళ్లు తాగి పెరిగి! కాబట్టి సాలు అంటే చాలు. ఇక్కడితో చాలు, ఆపెయ్ అని. బాణమేమో సంతకం కింద గీసే తోకలాంటిదనుకున్నాను. ఒకర్ని అడుగుదామని కూడా తోచలేదు. తెలుగు నాకు రాదా ఏం?

ఆ తొమ్మిదింటినీ ఒక ఆల్బంగా తెద్దామని కంది ఊరి దగ్గర ఒక హాల్లో మూడు రోజులు రికార్డు చేశాం. చప్పుడొస్తుందని ఏసీ ఆపేసి, కిటికీలు బిగించి, చెమటలు కక్కుతూ వాయించాను. హైవే మీద ఒక్క లారీ హారన్ కొడితే మళ్లీ మొదట్నుంచీ. ఐదో ముక్క పదకొండుసార్లు వాయించాను. ప్రతి ముక్కా ఎత్తిన అడుగు దించకుండానే ఆగిపోయేది. నాకది మహా గొప్పగా తోచింది. ఆల్బంతో ఇచ్చే చిన్న పుస్తకంలో, 'చాలు అనగలగడమే ఈ మనిషి గొప్పతనం' అంటూ రెండు పేజీలు రాసి పారేశాను. చదివినవాళ్లందరూ మెచ్చుకున్నారు. పొంగిపోయాను.

విడుదలకు వారం ముందు సత్తయ్య గారి భార్య లచ్చవ్వకు వినిపిద్దామని ఊరికి వెళ్లాను. ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టాను. కళ్లు మూసుకుని వింది. మొదటి ముక్క అయిపోయాక తల కొంచెం ఎత్తి ఎదురుచూసింది. రెండోది మొదలైంది. అదీ అయిపోయాక హెడ్‌ఫోన్లు తీసేసింది.

"మంచిగ కొట్టినవ్ బిడ్డా. గానీ పోతున్నది, మర్లొస్తలేదేంది?"

"మర్లి రావడమేంటవ్వా?"

"గదే, సాలు. నాగలి పట్టుకొని గట్టు దాక పోతవ్. ఎడ్లను మలుపుకొని ఎనక్కొస్తవ్. ఒక్కదిక్కే దున్ని ఎవలన్న ఇంటికొస్తరా? గిది గూడ ఆఖరుకెల్లి మొదటి దాక మర్ల కొట్టాలెనట. నన్ను క్లబ్బుల కూసోవెట్టుకొని కొడుతుండె. పోయే సాలు నాది, మర్లొచ్చే సాలు నీది లచ్చీ, అంటుండె."

నాగటి చాలు! వెనక్కి తిరిగిన బాణం! అంతా ఒక్కసారే అర్థమైపోయింది. తెలియక చేసిన తప్పంటారా, అది అక్కడిదాకానే. ఆ క్షణం నుంచీ నాకు తెలుసు.

"ఏంది బిడ్డా, గట్ల సూస్తున్నవ్? ఆయన రాయలేదా?"

హెడ్‌ఫోన్ల తీగ చుట్టుకుంటూ అన్నాను.

"లేదవ్వా. ఆయన అంతవరకే రాశారు."

"గంతేనా?" అంది. కాసేపు తన చేతులకేసి చూసుకుంది. "పోనీ తీ. యాది మర్సిండో, వద్దనుకున్నడో. జెర చాయ్ తాగి పో."

తాగాను. ఆ చాయ్ కూడా తాగాను.

ఎందుకు అబద్ధం చెప్పాను? విడుదల ఆగిపోతుందనా? ఒక్క ఫోన్ చేస్తే ఆగేది, ఇంకో మూడు రోజులు వాయిస్తే సరిపోయేది. పుస్తకం అచ్చయిపోయిందనా? అచ్చయినవి చించేస్తే పోయేది. కాదు. తెలుగు రాదని నవ్వుతారని భయం. ఇన్నేళ్లు వాళ్ల మాటకు నవ్విన నన్ను చూసి వాళ్లు నవ్వుతారని భయం. ఇంకోటి కూడా ఉంది, రాయడానికి చెయ్యి రావడం లేదు. అందరి ముందూ తప్పు ఒప్పుకోవడం కంటే ఆ ముసలామె మనసు విరవడం నాకు సులువనిపించింది, ఎందుకంటే ఆమె ఎవరికీ చెప్పదు. అదీ నా లెక్క. ఛీ.

ఇంటికొచ్చి తలుపులు వేసుకుని ఎనిమిదో ముక్కను చివర్నుంచి మొదటిదాకా వాయించాను. ముందుకు వెళ్లేటప్పుడు రాళ్లలో పడి పోతున్నట్టు గరుగ్గా ఉండేది. వెనక్కి వస్తుంటే అవే స్వరాలు, అదే చెయ్యి, కానీ ఎవరో పక్కన నడుస్తూ మాట్లాడుతున్నంత మెత్తగా ఉంది. ఏడుపొచ్చింది. దాన్ని ఇప్పటిదాకా ఎవరి ముందూ వాయించలేదు. ఆ అర్ధాంతరపు ముగింపులు అద్భుతమని ఎవరైనా మెసేజ్ పెడితే పరేషాన్ అయిపోతాను. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే, నాగలి పట్టిన ఇంటివాళ్లెవరో విని అడుగుతున్నారేమోనని ఎత్తను. ఆరేళ్లలో ఒక్కరూ అడగలేదు. అడిగితే బాగుండునా? తేలు కుట్టిన దొంగను, నన్నడిగితే ఏం చెబుతాను?

పోయిన ఎండాకాలం లచ్చవ్వ పోయింది. దినాలకు వెళ్లాను. కోడలు వడ్డిస్తూ మామూలుగానే చెప్పింది, నేను వెళ్లొచ్చిన రోజు నుంచీ అత్తమ్మ ఆ పాటలు ఇంట్లో పెట్టనివ్వలేదని. 'నా సాలు ఇడిసిపెట్టి పోయిండు, నాకెందుకు ఇంక' అనేదట. పెళ్లయిన కాడ్నుంచీ ఒక్క మాటనని మనిషి, ఆఖరికి మొగుడి మీద కోపంతోనే పోయిందట.

అప్పుడైనా చెప్పాలి కదా. చెప్పలేదు. విస్తరి ముందు తల వంచుకుని తిని లేచి వచ్చేశాను.

మళ్లీ రికార్డు చేయొచ్చు కదా అంటారు. చేస్తాను. రేపో, ఎల్లుండో, ఈసారి నిజంగానే. కానీ వినాల్సిన మనిషి లేదు. నన్ను క్షమించగలిగిన ఒక్క మనిషీ ఆమే. మీరు క్షమించకండి, అది మీ చేతిలో లేదు.

రాస్తుంటే మాత్రం ఊపిరి కాస్త లోపలిదాకా అందుతోంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.

లచ్చవ్వా, ఆయన నిన్ను విడిచిపెట్టలేదు. తొమ్మిదింట్లోనూ నీ సాలు రాసే ఉంది. వాయించనిది నేను.