కందకంలో దిగిన చిన్నదొర

మా ఊరు ఇచ్చోడ పక్కనే. ఊరి నడుమ దొరల కోట లాంటి గడి, గడి చుట్టూ కందకం, కందకం పక్కన మల్లక్క ఇల్లు. ఈ మూడింటిలో గట్టిది ఏదంటే, నన్నడిగితే మల్లక్కే.

గడి కట్టిన పెద్దదొర శత్రువులొస్తారని కందకం తవ్వించాడట. ఒక్కడూ రాలేదు. అంత లోతు తవ్వించి ఊరికే వదిలేస్తే నలుగురూ నవ్వుతారని ఒక ఆనవాయితీ పెట్టాడు. ఎడ్లకు మొక్కే పొలాల పండుగనాడు గడివారి జతను కందకంలో కడగాలి, దొరే పగ్గం పట్టాలి. ఆ జత తోరణం కింద నడిచాకే మిగతా ఊరి ఎడ్లు నడవాలి. పెద్దదొర కొడుకు గుర్రాలు కొన్నాడు, మనవడు కార్లు కొన్నాడు. ఎడ్లు ఒక్కటీ మిగల్లేదు. దొరలు హైదరాబాదు చేరాక పక్కింటి మల్లక్క ఎడ్ల జతే గడివారి జతగా లెక్క, పగ్గమూ ఆమెదే.

పోయినేడు మునిమనవడు రాంచందర్ రావు దిగాడు. యాభై దాటినా మాకు చిన్నదొరే. కందకంలో పడవలు తిప్పి టూరిస్టులను రప్పిస్తానని కంచె వేసి, గేటుకు తాళం కొట్టాడు. ఎండాకాలం మల్లక్క ఎడ్లకు ఉన్నవి ఆ నీళ్లే.

"జర ఆలోచించు చిన్నదొరా, నోరులేని జీవాలు ఏడికి పోవాలె?" అని బతిమాలింది.

"పశువులు దిగితే పడవలెవరు ఎక్కుతారు?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. మల్లక్క మాత్రం ఎండాకాలమంతా బోరింగు కొట్టి బిందెలతో నీళ్లు మోసింది.

పొలాల పండుగ వచ్చింది. చిన్నదొర పట్టు రుమాలు తలకు చుట్టి, తమ జత దర్జా చూపిద్దామని హైదరాబాదు చుట్టాలను దింపాడు. మల్లక్క ఎడ్లు ఒంటినిండా బురదతో వచ్చాయి.

"ఇదేంటి మల్లక్కా, కడగలేదా?"

"కందకానికి తాళమున్నది గదా! కడగని ఎడ్లు తోరణం కిందికి రావు. మీ ముత్తాత పెట్టిన ఆనవాయితీయే."

"గడి జత కదలంది మా ఎడ్లెట్ల నడుస్తయ్?" అని వెనక రైతుల గోల. చుట్టాలు వీడియో తీద్దామని ఫోన్లు ఎత్తారు. చిన్నదొర తాళం తీయక తప్పలేదు. మల్లక్క పగ్గాలు ఆయన చేతిలో పెట్టింది.

"దొర ఊళ్లెనే ఉన్నడు. నేనెందుకు పట్టాలె?"

ఇన్నాళ్లకు నీళ్లు కనబడితే ఎడ్లు ఆగుతాయా! ఒకటే ఉరుకు. పగ్గాలు, పట్టు రుమాలు, దొర, అన్నీ కందకంలోనే. చుట్టాలు పొట్టలు పట్టుకుని నవ్వారు.

ఎద్దు మెడ కరుచుకుని గట్టెక్కిన దొరకు మల్లక్క తువ్వాల ఇచ్చింది.

"చూసినవా చిన్నదొరా, నిన్ను ఒడ్డుకు తెచ్చింది గా నోరులేని జీవమే. ఇగ తాళంచెవి ఇటియ్యి."

ఇచ్చాడు. అది ఇప్పుడు మల్లక్క నడుముకు వేలాడుతోంది, గేటు మాత్రం తెరిచే ఉంటోంది.