అమ్మమ్మతో ఒంటికాలి మీద నిలబడ్డ అంజమ్మగారు

మా చిన్నప్పుడు కొత్తగూడలో, మా అపార్ట్‌మెంట్ వెనక పార్కులో, తెల్లారేసరికి ఓ ఇరవై మంది పెద్దవాళ్ళు గుండ్రంగా నిలబడి గాలి ఊదుతుండేవారు...

ముక్కుతో నిండా పీల్చి, వేడి పాలు చల్లార్చినట్టు మెల్లగా ఊదమనేవారు మాస్టారు. ఏదో బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారట. నేను గట్టు మీద కూర్చుని అమ్మమ్మ మరచెంబుకి కాపలా.

అమ్మా నాన్నా ఇద్దరివీ హైటెక్ సిటీలో ఉద్యోగాలు. నన్ను చూసుకోవడానికి అమ్మమ్మ గుంటూరు దగ్గర పల్లె నుంచి వచ్చింది. నేను బడికెళితే సాయంత్రం దాకా ఆ ఫ్లాట్‌లో ఒక్కతే... లిఫ్ట్ చప్పుడైతే తలుపు దాకా వెళ్ళి, ఎవరూ రాకపోతే మళ్ళీ వచ్చి కూర్చునేదట. ఆ సంగతి చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది నాకు.

వ్యాయామంలో ఆఖరిది ఒంటికాలి మీద నిలబడటం. పడిపోకుండా ఇద్దరిద్దరు చేతులు పట్టుకోవాలి. అమ్మమ్మకి జోడీ అంజమ్మగారు. పక్క బస్తీలో కూతురి దగ్గర ఉండేవారు. మొదటిరోజు అమ్మమ్మ వణుకుతుంటే, "జర గట్టిగ పట్టుకో అక్కా... నేనున్న గద" అన్నారు.

ఇక రోజూ వాళ్ళిద్దరే. మాస్టారు పది లెక్కపెట్టేలోపే నవ్వొచ్చి కాళ్ళు దించేసేవారు. అమ్మమ్మ అంతలా నవ్వడం ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు.

ఒక సోమవారం అంజమ్మగారు రాలేదు. మర్నాడూ రాలేదు... మాస్టారు ఇంకొకరితో కలుపుతానంటే అమ్మమ్మ వద్దని, కంచె పట్టుకుని నిలబడింది.

ఆదివారం నన్ను వెంటబెట్టుకుని వెతకడానికి బయల్దేరింది. వాకిట్లో మునగచెట్టు ఉందని తప్ప ఆ ఇంటి సంగతి ఇంకేం తెలీదు. సందులన్నీ తిరిగి, కనబడ్డవాళ్ళనల్లా అడిగి చేరాం. తాళం వేసి ఉంది. అపార్ట్‌మెంట్ కడతారని ఆ వరసంతా ఖాళీ చేయించారని ఎదురింటామె చెప్పింది. కూతురు వాళ్ళు ఊరికి ఆ చివర ఎక్కడికో మారారట. ఎక్కడో ఆమెకీ తెలీదు.

"పోయేటప్పుడు పార్క్ కాడ బండి ఆపుమని మస్తు అడిగింది. అక్కకు చెప్పొస్త అన్నది. సామాన్ల బండి గద... డ్రైవర్ ఆపలే."

ఇంటికొచ్చాక అమ్మమ్మ చెప్పులు విప్పుతూ, "చెప్పకుండా వెళ్ళాల్సొచ్చిందని ఎంత బాధపడిందో పాపం" అంది.

కొన్నాళ్ళకి నన్నడిగింది, "రేపట్నుంచి నువ్వు నాతో నిలబడతావా బంగారం?" అని.

బళ్ళో స్నేహితులెవరైనా చూస్తే నవ్వుతారని నాకు సిగ్గు. రానన్నాను.

అమ్మమ్మ మళ్ళీ అడగలేదు. పార్కు కూడా మానేసింది. వంటింటి గుమ్మం పట్టుకుని ఒక్కతే చేసుకునేది... పది దాకా తనే లెక్కపెట్టుకుంటూ. హోంవర్క్ చేస్తూ వినేదాన్ని. లేచి నాలుగడుగులు వేస్తే సరిపోయేది... వెయ్యలేదు.

అమ్మమ్మ పోయి ఆరేళ్ళయింది.

నేనిప్పుడు నానక్‌రామ్‌గూడలో ఇరవై మూడో అంతస్తులో ఉంటున్నాను, ఒక్కదాన్నే. ఇక్కడ పెద్దవాళ్ళకి వ్యాయామం ఫోన్‌లోనే చెబుతారు. ఎవరి గదిలో వాళ్ళు, ఎవరి కుర్చీ పట్టుకుని వాళ్ళు... పక్క ఫ్లాట్‌లో ఒక పెద్దావిడ రోజూ చేస్తారు. గోడ అవతల నుంచి "పీల్చండి... వదలండి" అని టీచర్ గొంతు వినబడుతుంది. ఆవిడ గొంతు మాత్రం ఇంతవరకు వినలేదు.

మీ ఇంటి పెద్దవాళ్ళు పొద్దున్నే ఎవరి కోసం త్వరత్వరగా తయారయ్యేవారు... గుర్తుంటే రాయండి. అన్నీ చదువుతాను. ఆదివారాలు నాకు వేరే పనేమీ ఉండదు...