చిన్నస్వామి బావ అల్లిన వల

మా అక్క మీనాంబ మొగుడు చిన్నస్వామి కనకమ్మ సత్రం దగ్గర మగ్గం నేసేవాడు. ఆయన నేతలో పడుగూ పేకా ఎంత దగ్గరగా కూర్చునేవంటే, చీర కొంగులో నీళ్ళు మోసుకురావచ్చు. నేనే రెండు బిందెల నీళ్ళు తెచ్చాను. అనుమానముంటే నన్నే అడగండి, అక్కను అడగవద్దు.

చీరలకు గిరాకీ పోయి మగ్గం ఆగాక, కుశస్థలి ఏట్లో చేపలు పట్టి బతుకుతానన్నాడు బావ. అక్క నమ్మలేదు. సముద్రం ఒడ్డున కాట్టుపల్లి రేవులో కాంట్రాక్టు పనికి మనుషుల్ని తీసుకుంటున్నారని విని ఉంది.

"ఈ తూరి ఏరొచ్చినప్పుడు పట్టి చూపించయ్యా. లేదంటే పెట్టె సర్దుకోని కాట్టుపల్లికి పో."

"నేను పోతే నీకు చేపల కొళంబు యాడిదే?"

"ఇప్పుడు మాత్రం యాడుండాది?"

ఇల్లు వదలడం బావకు ఇష్టం లేదు. ఎండాకాలమంతా కూర్చుని నైలాను దారంతో వల అల్లాడు. అలవాటైన పని చెయ్యి మానదు కదా, వల కన్నులో సూది దూరాలన్నా సిఫారసు కావాలి.

"బావా, అంచు గూడా వేసెయ్. పెండ్లికూతురికి కట్టొచ్చు."

"తొమ్మిదో క్లాసు గూడా దాటనోడివి, నీకేం తెలుసురా నేత?"

మా ఏరు ఏడాదిలో చానా నెలలు ఇసకే. దీపావళి నెల ఐప్పసిలో పడే వానలకు కొత్త నీళ్ళు దిగగానే, గుంటల్లో దాగిన కెండ చేపలు గుడ్లు పెట్టడానికి పారే నీటికి ఎదురెక్కుతాయి. ఏరు పారని ఏడు అవి పెరగవు. నిలవ నీళ్ళలో జిలేబి చేప ఒక్కటే పిల్లల్ని పెడుతుంది.

ఆ ఐప్పసిలో ఏరొచ్చింది. చెక్‌డ్యాము కింద, నీళ్ళు ఇరుకుగా పారే చోట, బావ ఒక గట్టునా నేనొక గట్టునా వల అడ్డం పట్టాం. వల కన్నులో తల దూరితేనే కదా చేప చిక్కేది! కెండలు వచ్చి వలకు ముక్కు ఆనించి చూశాయి, గోడేమో అనుకున్నాయి. వెనక నీళ్ళు కూడా అలాగే అనుకున్నాయి. మోకాలి నీళ్ళు నడుము దాకా లేచి, వల మీదుగా పొర్లాయి. ఆ పొర్లు మీదుగా కెండలు ఒక్కొక్కటే ఎగిరి పైకి పోయాయి. ఒకటి బావ భుజం మీద కాలు పెట్టి పోయింది.

"చేపకు కాలేంది రా?" అంది గట్టు మీది అక్క.

"నువ్వు చూళ్ళేదులే," అన్నాను.

చేతికి ఒక్క చేపా రాలేదు. బావ ఆ వలను విప్పి వదులుగా అల్లడం మొదలుపెట్టాడు. అది ముగిసేసరికి పారకం ఆగిపోయింది, చేపలెక్కడం ఆగిపోయింది. బావ తిరువళ్ళూరులో రైలెక్కి, అటునుంచటు కాట్టుపల్లి పోయాడు.

మరుసటి ఏడు ఏరొచ్చినప్పుడు, ఆ వదులు వల అక్కా నేనూ పట్టాం. రెండు గంపలు నిండాయి. పోయినేడు బావ వల మీదుగా ఎక్కినవాటి పిల్లలే ఇవి, మొహం చూసి పోల్చాను. అక్క బావకు ఫోను చేసింది.

"నీళ్ళు ఇంకా పారతా ఉండాయి. లీవు పెట్టి రాయ్యా. చేపలు అమ్మేదానికి మనిషి కావల్ల."

"వల యాడన్నా చిరిగుంటే నేనొచ్చి బిగిస్తాలే."

"దాన్ని ముట్టినావంటే ఆ దినమే రైలెక్కిస్తా."

బావ మర్నాడు దిగాడు. ఏరు ఆగేదాకా సత్రం కూడలిలో గంప ముందర కూర్చుని కెండలమ్మాడు. ఆగాక మళ్ళీ కాట్టుపల్లి.