పాతర మీది గుర్రపాయన

మొన్న మా పోస్ట్‌మ్యాన్ సైకిలు దిగి, వెనక కట్టుకొచ్చిన పార్సిలును రెండు చేతులా ఎత్తి అరుగు మీద పడేసిన చప్పుడుకు నల్లగొండ చుట్టూ ఉన్న గుట్టలన్నీ ఒక్కసారి ఉలిక్కిపడ్డాయి. "సారూ, గిది పుస్తకమా, రోలా? దీని బరువుకు సైకిలు ముందు చక్రం గాలిలనే వచ్చింది" అని నడుము పట్టుకున్నాడు పాపం. దాని మీది విదేశీ స్టాంపులు చూడగానే నా కడుపులో పాత మంట మళ్ళీ రాజుకుంది. మా బావ రాసిన పుస్తకం అది. బావ అంటే మా మేనత్త కొడుకు. ఇంగ్లండు పోయి ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో శిల్పాల చరిత్ర చదివి, చదివినదాన్ని అక్కడే దొరల పిల్లలకు చెప్పి బతుకుతున్న మహానుభావుడు. అందులో మంచి మాట ఒక్కటీ కనబడకూడదని మొక్కుకుంటూ పుస్తకాన్ని తిప్పాను. నడుమ ఒకచోట నా చేయి ఆగిపోయింది. ఒక పుట నిండా నలుపు తెలుపు ఫోటో: గుర్రం మీద కత్తి ఎత్తిన వీరుడు, కింద హారతి పట్టిన ఆడమనిషి, రాయి పై అంచున పది వేళ్ళు. ఆ వేళ్ళు నావి.

బావకు చిన్నతనంలోనే తల్లి పోయింది. మా ఇంట్లో, దేవరకొండ దారిలో ఉన్న మా ఊళ్ళో, మా అవ్వ, అంటే నాయనమ్మ చేతి కింద పెరిగాడు. ఇద్దరం ఒకే కంచంలో తిన్నాం గాని, ముద్దలు మాత్రం వాడివే పెద్దవని ఈనాటికీ నా అనుమానం. వాడికి రాళ్ళ పిచ్చి. పాడుబడ్డ గుడి కనిపిస్తే చాలు, టేపు తీసి స్తంభాలు కొలిచి బొమ్మ గీసుకునేవాడు. అవి రజాకార్లు ఊళ్ళ మీద పడుతున్న రోజులు. వీడు కమ్యూనిస్టుల సంఘం మనిషని, దళాలకు దారుల పటం గీస్తున్నాడని రజాకార్లు అనుమానించారు. వీడు సర్కారు మనిషని, భూములు కొలుస్తున్నాడని సంఘం వాళ్ళు అనుమానించారు. తరవాత వచ్చిన యూనియన్ మిలిటరీ కూడా వాణ్ణి పిలిచి టేపు విప్పించి చూసింది. ఇన్ని పక్షాలు కలిసి ఒక్క మనిషిని ఇంత గౌరవించడం జిల్లా చరిత్రలో లేదు. నన్ను మాత్రం ఎవరూ అనుమానించలేదు. కావాలని రజాకార్ల గుడారం ముందు నుంచి దొంగచూపులు చూసుకుంటూ నడిస్తే, "ఏయ్, జర బీడీ తెస్తవా?" అని అడిగి పంపించారు.

ఇక మా పాతర సంగతి. పశువుల కొట్టంలో, నేల కింద, ఇద్దరు మనుషుల లోతున తవ్విన గొయ్యి అది. ఏడాదికి సరిపడే జొన్నలు అందులో పోసి, పైన గడ్డి పరిచి, మూతి మీద బండ పెట్టి, మట్టితో మెత్తి, పేడతో అలికేసేవాళ్ళు. ఆ పైన గిత్తలను కట్టేస్తే కింద ధాన్యం ఉందని బ్రహ్మదేవుడు కూడా కనిపెట్టలేడు. లెవీ పేరుతో సర్కారు వాళ్ళు గింజ మిగలకుండా ఊడ్చుకుపోయే ఆ కాలంలో మా ఇంటిల్లిపాది ప్రాణం ఆ బండ కింద ఉండేది. ఆ బండే గుర్రపాయన, గుర్రం మీది వీరుణ్ణి చెక్కిన పాతకాలపు వీరగల్లు. బొమ్మ చెక్కిన వైపు కిందికి, గింజల దిక్కుకు తిప్పి పెట్టేవాళ్ళు. ఎందుకంటే ఆయన చూపు జొన్నల మీద ఉండాలి కదా! "మొకం మీదికి పెడితే వచ్చేపోయేటోళ్ళను సూస్తడు. మనోళ్ళ మొకాలు సూసి ఆయనకేమొస్తది? జొన్నలను సూడనియ్" అనేది అవ్వ. పాతరకో కట్టుబాటు ఉంది. ఒకసారి తెరిస్తే గాలి తగిలిన గింజ పురుగు పడుతుంది, కనక తెరిచిన నాడే మొత్తం తీసెయ్యాలి. అందుకే అవసరం తోసుకొస్తే తప్ప తెరిచేవాళ్ళు కాదు.

పోలీసు చర్యకు ముందటేడు నేను హైదరాబాదులో కాలేజీ చదువు చదువుతానని, కొన్ని జొన్నలమ్మి పంపమని అవ్వ కాళ్ళ మీద పడ్డాను. "పాతర తీసే కాలమారా ఇది?" అని ఒక్క మాటతో తేల్చేసింది. సరే, కాలం అలాంటిదని నేనూ సరిపెట్టుకున్నాను. తరవాతి ఎండకాలం బావకు ఇంగ్లండు నుంచి కబురు వచ్చింది. నీ ప్రాంతపు శిల్పం, ఇంతవరకు ఎక్కడా అచ్చు కానిది, ఒకటి ఫోటో తీసి పంపు, అది చూసి సీటు సంగతి చెబుతాం అన్నారట. బావ అవ్వ ముందు కూర్చొని నసిగాడు. "అవ్వా, గుర్రపాయనను ఒక్కపారి బయటికి తీస్తవా?" అవ్వ కొంగు దులుపుకొని లేచింది. "తీయుండ్రి" అంది. ఆ మూడక్షరాలకు నా కడుపులో లేచిన మంట మీద ఊరందరికీ వంట చేయొచ్చు.

మర్నాడు పొద్దున్నే గడ్డపారలతో బండ లేపాం. వాడకట్టు ఆడవాళ్ళు గంపలతో వచ్చి, కింద జొన్నలు, పైన పిడకలు పెట్టుకొని, ఎవరింటికి వాళ్ళు మోసుకుపోతున్నారు. ఇల్లిల్లూ కుండల్లో దాచి, అడిగినప్పుడు కొంత కొంత తెచ్చి ఇవ్వాలన్నది అవ్వ ఏర్పాటు. కొట్టం కప్పు గడ్డి కొంత పీకేసి ఎండ పడేలా చేశాం. బండను నిలబెట్టి, వెనక నన్ను కూర్చోబెట్టి, పై అంచు పట్టుకోమన్నారు. వంద ఏనుగుల బరువు. ముందు బావ, వాడి అరువు కెమెరా. తీస్తాడా అంటే తీయడు! నెత్తి మీది ఎండకు చెక్కడం తేలదట, ఏటవాలు ఎండ కావాలట. పొద్దు వాలేదాకా నేను గుర్రపాయన వీపుకు అతుక్కొని కూర్చున్నాను.

ఆఖరి గంపలు పోతున్నాయో లేదో, లెవీ వసూలుకు రెవెన్యూ గిర్దావరు దిగాడు. వెంట ఇద్దరు తుపాకుల వాళ్ళు. కొట్టం తలుపు ముందు అవ్వ, చేతిలో వేపమండ.

"ఏం ముసలమ్మా, లోపల ఏమున్నది? తలుపు తియ్."

"బర్రె ఈనింది దొరా. కొత్త మొకం సూడొద్దు. సూస్తే పాలు ఇంకిపోతయ్. గా పాపం నీకెందుకు?"

లోపల నేను బండ వెనక మరింత ముడుచుకున్నాను. "బావా, తుపాకులొచ్చినయ్!" అన్నాను గుసగుసగా.

"రానియ్. కదలకు. గుర్రం కాలు మీదికి ఇప్పుడే వెలుగు వస్తాంది."

"కాల్చి పారేస్తరు బావా!"

"ఎండ పోతది, నోర్ముయ్!"

బయట గిర్దావరు గొంతు ఎందుకో మెత్తబడింది. "జున్ను చేస్తవా?"

"చెయ్యకేం? ఎల్లుండి బెల్లమేసి పంపిస్త."

"మిరియాలు గూడ జర ఎయ్" అని వాళ్ళు తోవ పట్టారు. లోపల కెమెరా టక్కుమంది. మా ఇంట్లో బర్రె లేదన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఈనిన బర్రె కోసం చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి, బతిమాలి, జున్నుపాలు మోసుకొచ్చింది ఎవరు? నేనే. జున్ను వండాక మొదటి ముక్క ఎవరికి పెట్టింది? బావకు. గిర్దావరుది రెండో ముక్క.

ఆ నెలలోనే లెవీ వాళ్ళు ఇనప చువ్వలతో వచ్చి ఇల్లిల్లూ నేల పొడిచారు. ఊళ్ళో పాతరలన్నీ దొరికాయి. మాదీ దొరికింది, ఖాళీగా. ఫోటో పుణ్యమా అని జొన్నలు దక్కాయని ఊరంతా బావను మెచ్చుకుంది. బండ పట్టుకున్నవాడి సంగతి ఎవరూ ఎత్తలేదు. వానాకాలం పోకముందే పోలీసు చర్య జరిగింది, నైజాం రాజ్యం పోయింది, దారులు తెరుచుకున్నాయి. బావకు సీటూ వచ్చింది, సర్కారు సాయమూ వచ్చింది. వాడు ఓడ ఎక్కడానికి బొంబాయి పోయిన రోజు నేను అన్నం మానేసి అవ్వను అడిగేశాను. "నేనడిగితే తియ్యని పాతర, ఆడు అడిగితే ఎట్ల తీసినవ్?"

అవ్వ రొట్టె కాలుస్తూ అంది. "ఆడు పోయేటోడు బిడ్డా, పోయేటోనికి గింజలు కట్టియ్యాలె. నువ్వు ఉండేటోనివి. నీకు పాతరే ఇస్తున్న గదా." ఖాళీ గొయ్యి నాకు, లోకమంతా వాడికి! ఇంత చక్కని పంపకం కోర్టుల్లో కూడా జరగదని ఏడుస్తూ ఆ రొట్టె తిన్నాను.

నేను నల్లగొండలోనే చదివి ఇక్కడే పంతులునయ్యాను. చాలా ఏళ్ళకు బావ ఒక్కసారి వచ్చాడు. అప్పటికి అవ్వ లేదు. వాడి కోటు నుంచి వచ్చిన సబ్బు వాసనకు ఊళ్ళో కుక్కలు కూడా మర్యాదగా మొరిగాయి. తిన్నగా కొట్టంలోకి పోయి గుర్రపాయన పక్కన, ఆ కోటుతోనే, నేల మీద చతికిలబడ్డాడు.

"అవ్వ ఆఖరికి ఏమడిగిందిరా?"

"సల్ల అడిగింది. నేనే పోసిన."

చాలాసేపు బండ మీద వేళ్ళు ఆడించాడు. "నాకు నీ మీద కుళ్ళుగున్నదిరా" అన్నాడు, తల ఎత్తకుండా. జీవితంలో నేను అందుకున్న బిరుదుల్లో అదే పెద్దది. ఇంకోసారి అనమని అడుగుదామనుకున్నాను గాని, వాడి కళ్ళు చూసి ఊరుకున్నాను.

ఇప్పుడు పుస్తకం నా ఒళ్ళో ఉంది. ఫోటో పక్కన నా చేయి పెట్టి చూసుకున్నాను. కణుపులు ఉబ్బాయి, చర్మం ముడుతలు పడింది, గ్లాసు పట్టుకున్నా కొంచెం వణుకుతుంది. రాయి అంచున ఆ పది వేళ్ళు మాత్రం నున్నగా, గట్టిగా, ఆ వాలు పొద్దు ఎండలో ఇంకా బరువు మోస్తూనే ఉన్నాయి. బావ మీది అసూయ ఏనాడో సగం ఆరిపోయింది. మిగిలిన సగం ఇక ఆ వేళ్ళ మీదే.