లచ్చన్నను పిలవని రాజీ

లింబాద్రికి కోపం తొందరగా వస్తుంది. పాఠం చెప్పేటప్పుడు మాత్రం రాదు. కోరుట్లలో ఓ ప్రైవేటు బడిలో పదకొండేళ్లు సోషల్ చెప్పాడు. కరోనాలో బడి మూతబడితే ఒమాన్‌కు వచ్చి, ఘాలా కార్మికుల క్యాంపులో ఉంటూ టైల్స్ పనికి కుదిరాడు. రూమ్‌లో వాళ్లంతా ఇప్పటికీ ఆయన్ని సార్ అనే పిలుస్తారు. లచ్చన్న ఒక్కడే పేరు పెట్టి పిలుస్తాడు. ఆ హక్కు ఆయనకుంది. మొదటి ఎండాకాలం సైట్‌లో సొమ్మసిల్లిన సార్‌ని భుజాన వేసుకుని నీడకు మోసుకెళ్లింది ఆయనే.

తొమ్మిదేళ్లుగా రూమ్ మెస్‌కు లచ్చన్నే రాజు. ఏం వండాలో, ఎవరు వండాలో అంతా ఆయన మాటే. కిందటి నెల పప్పు చప్పగా ఉందన్నందుకు రఘుపతి మీదికి కంచం విసిరాడు. కనుబొమ్మ చిట్లి రక్తం కారింది. రూమంతా ఒక్కటై ఆయన్ని గద్దె దించింది. షరతులు రాసింది లింబాద్రి. అరవై రోజులు గిన్నెలన్నీ లచ్చన్నే తోమాలి, వంట సంగతిలో నోరెత్తకూడదు. ఆ మాటలన్నీ అయ్యేదాకా ఆయన్ని వరండాలో నిలబెట్టి, చివరికి లోపలికి పిలిచి సంతకం పెట్టమన్నారు. పెట్టాడు. సార్ తన తీర్పుకు తానే మురిసిపోయాడు.

లచ్చన్న గిన్నెలు తోమాడు గానీ ఎవరితోనూ పలకలేదు. పద్దెనిమిదో రోజున, తనను దూరాన ఉన్న బురైమి సైట్‌కు పంపమని ఫోర్‌మన్‌కు కాగితం ఇచ్చేశాడు. శనివారం పొద్దున్నే బస్సు. ఆ మాట లింబాద్రి చెవిన పడింది. అయినా బింకం వదల్లేదు.

శుక్రవారం మధ్యాహ్నం రఘుపతికి పాఠం. అతను ఓపెన్ స్కూల్ పరీక్ష రాయబోతున్నాడు.

“మొదటి ప్రపంచ యుద్ధంల ఓడిన జర్మనీని బయట ఉంచి గెలిచినోళ్లు వెర్సాయ్ షరతులు రాసిండ్రు. పిలిచి సంతకం పెట్టుమన్నరు. మీదికెల్లి నష్టపరిహారం. ఆ రోషం ఇరవై ఏండ్లకు మళ్ల యుద్ధమైంది. అంతకు నూరేండ్ల ముందు నెపోలియన్ ఓడినప్పుడు గట్ల చెయ్యలే. ఫ్రాన్సుకు పాత రాజవంశాన్ని మళ్ల తెచ్చిండ్రు, వియన్నాల మాటలకు కూసోబెట్టిండ్రు. నెపోలియన్ మళ్లొచ్చి మళ్ల ఓడితే జుర్మానా ఏసిండ్రు, ఆ దేశంల ఫౌజును పెట్టిండ్రు. అయినా మూడేండ్లకే ఫౌజును తీసేసి, ఫ్రాన్సును తమ సరసన కూసోబెట్టుకున్నరు.”

రఘుపతి కనుబొమ్మ మీది మచ్చ తడుముకున్నాడు. “దెబ్బ తిన్నది నేనే సార్. అయినా అడుగుతున్న. లచ్చన్నను మనం కూసోబెట్టినమా?”

పాఠం మధ్యలో లింబాద్రికి మొదటిసారి కోపం వచ్చింది. “నోర్ముయ్!” అని పుస్తకం మూశాడు. కాసేపటికి మళ్లీ తెరిచాడు, ఒక్క అక్షరమూ కనబడలేదు. పదకొండేళ్లు పిల్లలకు ఏది తప్పని చెప్పాడో, పొల్లుపోకుండా అదే చేశాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

లేచి అందర్నీ పిలిచాడు. చాప పరిచాడు. బ్యాగు సర్దుకుంటున్న లచ్చన్నను చేయి పట్టుకుని తెచ్చి మధ్యలో కూర్చోబెట్టాడు.

“తప్పు నాది అన్నా. మెస్ మళ్ల నువ్వే చూడు. ఏం వండాల్నో మాత్రం అందరం కలిసి అనుకుందం.”

లచ్చన్న రఘుపతి నుదుటి మీద చెయ్యేశాడు.

“కొట్టుడు నాదే తప్పు బిడ్డా. గిన్నెలు తోమినందుకు నాకు బాధ లేదు. గా పొద్దు గిట్ల కూసోబెట్టి అడిగితే, అరవై గాదు, నూరు దినాలకు ఒప్పుకుందు.”

లింబాద్రికి ఏడుపు ఆగలేదు. దాచుకోనూ లేదు.

“ఏడ్వకు లింబాద్రీ. ముందుగాల ఫోర్‌మన్‌కు ఫోన్ జెయ్యి. పోతనని నేనే కాగితమిస్తి. పోనని ఇప్పుడు నా నోటితోని ఎట్ల చెప్పాలె?”

అవతల ఫోర్‌మన్ ఫోన్ ఎత్తకముందే రఘుపతి లచ్చన్న బ్యాగు విప్పి, చొక్కాలు ఒక్కొక్కటే మేకుకు తగిలించసాగాడు.