ఇరవై నిమిషాలు ముందున్న ఫోన్

మా ఆఫీసు సుబేదారిలో, ఒక బట్టల షాపు పై అంతస్తులో ఉంటుంది. హసన్‌పర్తి నుంచి రోజూ స్కూటీ మీద వస్తాను. ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే ఫోన్లలో వాడే యాప్‌లు రాస్తానని చెబుతాను కానీ, నిజానికి రాసేది తక్కువ, రాసింది ఎందుకు పనిచేయడం లేదో వెతికేది ఎక్కువ. దినమంతా వెతికి, సాయంత్రానికి ఒక్క లైను మార్చి ఇల్లు చేరితే మా అత్తగారు, "గంత సేపు ఏం చేసినవే ఆడ?" అంటుంది. లైను మార్చానని చెబితే ఇంకా నవ్వుతుందని ఊరుకుంటాను.

ఆఫీసుకు నడిచిపోయేంత దూరంలో ఒక డయాలసిస్ సెంటర్ ఉంది. కిడ్నీలు పాడైనవాళ్లు వారానికి రెండు మూడుసార్లు వచ్చి, మిషన్ పక్కన గంటల తరబడి పడుకుని, రక్తం శుభ్రం చేయించుకుని పోయే చోటు. మిషన్లు తక్కువ, మనుషులు ఎక్కువ. ఎవరి వంతు ఎప్పుడో ముందే ఫోన్లో ఖాయం చేసుకునేందుకు వాళ్లకు మేమే యాప్ చేసి ఇచ్చాం. చాలా కాలం ఏ పేచీ లేకుండా నడిచింది. అలా నడుస్తుంటే నాకు గుబులుగానే ఉంటుంది.

ఒకరోజు అక్కడి సిస్టర్ ఫోన్ చేసింది. మరిపెడ అవతలి పల్లె నుంచి వచ్చే ఒకామెకు యాప్‌లో వంతు పడటం లేదట. వంతు లేకుండానే పొద్దున్నే వచ్చి వరండాలో కూర్చుంటోందట. ఎవరైనా రాకపోతే ఆ మిషన్ మీద ఆమెను పడుకోబెడుతున్నారు. మొన్న అందరూ వచ్చేశారు. సాయంత్రం దాకా చూసి ఉత్తగానే వాపసు పోయింది.

"ఒక్కసారి తప్పితేనే ఒంట్లకు నీరొస్తది మేడం, దమ్ము ఆడదు. ఇంకోపారి తప్పితే చెప్పలేం. జర జల్ది చూడున్రి," అంది సిస్టర్.

నేను నా ఫోన్‌లో నొక్కి చూశాను. వంతు చక్కగా పడింది. మా వృత్తిలో అందరం ముందుగా అనే మాట నేనూ అన్నాను: నా ఫోన్లో పనిచేస్తోంది కదా! పల్లెలో సిగ్నల్ ఉండదేమో అన్నాను. యాప్ తీసేసి మళ్లీ వేసుకోమన్నాను. జ్వరమన్నా దగ్గన్నా ఒకటే గోలీ ఇచ్చే డాక్టరు ఉంటాడే, అలా. ఆమె తీసి వేసుకుంది, ఫలితం లేదు. ఈసారి సిస్టర్‌తో ఆమె ఫోన్ తెర ఫొటో పంపించమన్నాను.

తెర మీద ఎర్ర అక్షరాలతో "మీకు అనుమతి లేదు" అని ఉంది. దాని కింద చిన్నగా నాలుగు వందల ఒకటి అనే నంబరు. నాకు కావలసింది ఆ నంబరే. బటన్ నొక్కగానే ఫోన్ ఎక్కడో ఉన్న సర్వర్‌కు ఒక రిక్వెస్ట్ పంపుతుంది. సర్వర్ జవాబిస్తూ ఒక నంబరు చెబుతుంది. రెండు వందలు అంటే పని అయిందని. నాలుగు వందల ఒకటి అంటే, రిక్వెస్ట్ వచ్చింది గానీ నువ్వెవరో నేను నమ్మను, పో, అని. అంటే సిగ్నల్ తప్పేమీ లేదు. పెళ్లికి వచ్చిన మనిషిని గుమ్మం దగ్గరే ఆపి మీరెవరండీ అని అడిగినట్టు, ఎవరో ఆమెను అక్కడిదాకా రానిచ్చి వెనక్కి పంపుతున్నారు.

సర్వర్ పని చూసే కుర్రవాడు నా పక్క టేబులే. నా కంటే చాలా చిన్నవాడు, పని వచ్చినవాడు, ఆ సంగతి తనకు బాగా తెలిసినవాడు.

"అక్కా, సర్వర్ల ఏం తేడా లేదు. నీ యాప్ దిక్కే చూస్కో."

"నా యాప్ ఊరందరికి పనిచేస్తాంది. నీ సర్వర్ ఒక్కామెనే ఎందుకు ఎల్లగొడ్తాంది?"

ఇది మాకు రోజూ ఉండే పంచాయితీయే. నాకు కోపం వస్తే తగ్గడానికి టీ కావాలి. టీ అయ్యాక అతను సర్వర్ రాసుకున్న చిట్టా తీసి చూపించాడు. ఆమె రిక్వెస్ట్ బయలుదేరిన టైమ్ ఒకటి, సర్వర్‌కు చేరిన టైమ్ ఒకటి. చేరాక ఇరవై నిమిషాలకు బయలుదేరినట్టుంది. కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. అదే ఉంది.

ఈమధ్యనే మేం సర్వర్‌కు ఒక కట్టుబాటు పెట్టాం. రిక్వెస్ట్ మీద ఫోన్ తన టైమ్ వేసి పంపాలి. ఆ టైముకూ సర్వర్ టైముకూ ఐదు నిమిషాలకు మించి తేడా ఉంటే తీసుకోదు. ఎవరైనా పాత రిక్వెస్ట్‌ను దొంగిలించి మళ్లీ పంపకుండా ఇది కాపలా. మంచి కాపలాయే. కానీ ఈ ఇరవై నిమిషాలు ఎక్కడివి? దేశాల మధ్య టైమ్ తేడా లెక్కలో నేనే ఎక్కడైనా తప్పానేమోనని మధ్యాహ్నమంతా నా కోడ్ తిరగేశాను. మనకంటే సరిగ్గా ఇరవై నిమిషాలు ముందుండే దేశం నాకు దొరకలేదు. ఇక ఆ ఫోన్‌ను కళ్లారా చూడాల్సిందే అనుకుని, ఆమె వచ్చే రోజున సెంటర్‌కు నడిచాను.

వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. అరవై దాటి ఉంటాయి. పక్కన సంచిలో టిఫిన్ గిన్నె, దుప్పటి. సూదులు గుచ్చీ గుచ్చీ ఎడమచేతి నరం తాడులా పైకి తేలింది. కంపెనీ నుంచి వచ్చానని చెప్పి ఫోన్ అడిగాను. తీసుకోగానే కనిపించింది. గోడ గడియారంలో పదకొండుకు ఇంకా పది నిమిషాలుంది. ఫోన్‌లో పదకొండు దాటి పది నిమిషాలయింది.

"అమ్మా, నీ ఫోన్ల టైమ్ ముందుకున్నది."

"ఉన్నది బిడ్డా. నేనే పెట్టిపిచ్చిన," అంది, అందులో వింతేముందన్నట్టు.

నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఇన్ని రోజుల వెతుకులాట, పక్క టేబులుతో పోట్లాట, అంతా దీనికా! సెట్టింగ్స్‌లోకి పోయి టైమ్ దానంతటదే సరిచూసుకునేలా పెట్టాను. బటన్ నొక్కాను. రెండు వందలు వచ్చింది. ఆమె వంతు ఖాయమైంది. పెద్ద పని చేసినదానిలా ఫోన్ ఆమె చేతికిచ్చాను.

ఆమె తెర వంక కాసేపు చూసింది. "వంతు పడ్డది, మంచిదే. ఇగ గా టైమ్ మల్ల ముందుకు జరుపు బిడ్డా."

"అమ్మా, గట్ల పెట్టుకునుడుతోనే గదా ఈ గోస!"

"జరుపు బిడ్డా, నీకు పుణ్యముంటది."

అప్పుడు చెప్పింది. వాళ్ల ఊరి మీదుగా పొద్దున్నే ఒక్క బస్సు పోతుంది. అది పోతే మళ్లీ ఎప్పుడో. ఒకసారి కళ్ల ముందే తప్పిపోయింది. ఆ రాత్రికి ఒంట్లో నీరు చేరి, పడుకుంటే ఊపిరాడక, తెల్లారేదాకా మొగుడి భుజానికి ఆనుకుని కూర్చుంది. తెల్లారాక ఆటోలో దవాఖానకు తెచ్చారు. ఆ తర్వాత వాళ్లాయన ఇంట్లో ఉన్న గడియారాలన్నీ ఇరవై నిమిషాలు ముందుకు జరిపాడు. గోడ మీదిది, చేతిది, చివరికి ఈ ఫోన్‌ది.

"ముందుకున్నదని ఇద్దరికీ ఎర్కే గదమ్మా. ఎర్క ఉన్నంక ఏం ఫాయిదా?"

"ఎర్కే బిడ్డా. ఎర్కున్నా సరే, దాన్ని చూడంగనే కాళ్లు ఆగయ్. గప్పటిసంది ఒక్కనాడు బస్సు తప్పలే."

టైమ్ మళ్లీ ముందుకు జరిపి ఇచ్చాను. యాప్ బాగుచేసేదాకా ఆమె వంతు ఆఫీసు నుంచి నేనే వేస్తానని సిస్టర్‌కు చెప్పి వచ్చాను.

ఆఫీసులో సంగతి చెబితే కుర్రవాడు పడి పడి నవ్వాడు. "గడియారం ఆమెదే తప్పున్నంక మనమేం చేస్తమక్కా? టైమ్ కరెక్ట్ పెట్టుకోమని ఒక మెసేజ్ చూపిద్దాం, అయిపాయె."

"బస్సు నీ సర్వర్ టైమ్ చూసి వస్తదా తమ్మీ?" అన్నాను. గట్టిగానే అన్నాను. అవతలి గదిలోవాళ్లు తల తిప్పి చూశారు. నాకు ఆ క్షణాన అతని మీద వచ్చిన కోపంలో సగం నా మీదిదే. పొద్దున నేనూ అదే మాట అని వచ్చాను మరి.

సర్వర్ కాపలాను సడలించవద్దని అతను పట్టుబట్టాడు. అది సబబే. కానీ సర్వర్ ఇచ్చే ప్రతి జవాబు తలభాగంలో సర్వర్ టైమ్ ఉంటుంది. పొమ్మని చెప్పే జవాబులోనూ ఉంటుంది. ఇన్నాళ్లూ దాన్ని నేను చదవనేలేదు. ఇప్పుడు యాప్ దాన్ని చదివి, ఫోన్ టైముకూ దానికీ ఎంత తేడా ఉందో గుర్తుపెట్టుకుని, ఆ తేడా తీసేసి రిక్వెస్ట్‌ను ఇంకొక్కసారి పంపుతుంది. ఫోన్ గడియారాన్ని ముట్టుకోదు. ఎవరి టైమ్ వాళ్లదే. రాస్తే గట్టిగా పది లైన్లు కూడా కాలేదు.

సరిచూడడానికి నా ఫోన్ కూడా ఇరవై నిమిషాలు ముందుకు పెట్టుకుని ఇంటికి పోయాను. మర్నాడు పొద్దున ఫోన్ చూస్తే టైమ్ దాటిపోయింది. నేనే పెట్టానని తెలిసీ, ఉప్మా సగంలో వదిలి స్కూటీ తీశాను. మా అత్తగారు వెనకనుంచి ఏదో అంటూనే ఉంది. ఆ రోజు నాకంటే ముందు ఆఫీసుకు ఎవరూ రాలేదు.

కొత్త యాప్ ఆమె ఫోన్లోకి చేరాక మళ్లీ సెంటర్‌కు వెళ్లాను. నేను ముట్టుకోను, నువ్వే నొక్కమన్నాను. వేలు కొంగుకు తుడుచుకుని నొక్కింది. ఒక్క క్షణం చక్రం తిరిగింది. వంతు ఖాయమైంది. పైన ఆమె గడియారం ఆమె ఇరవై నిమిషాలతోనే ఉంది. నాకు చెప్పలేనంత సంతోషమైంది.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నీ పైరవీ గట్టిదే బిడ్డా. పెద్దసారు తోని మాట్లాడి నా వంతు నాకు ఇప్పిచ్చినవ్."

"పైరవీ ఏంది అమ్మా? నేనెవ్వరితోని మాట్లాడలే. యాప్‌ల తప్పున్నది, గంతే."

"మరి అనుమతి లేదని రాసిన్రు గదా."

"అది మిషన్ రాసింది అమ్మా. మనుషులెవ్వరు అనలే."

ఆమె ఫోన్‌ను సంచిలో పెట్టుకుంది. "నేను ముసల్దాన్ని అయిన గదా, నా వంతు తీసి ఎవరన్న వయసు పిల్లలకు ఇచ్చిన్రనుకున్న. ఇయ్యనీ తియ్, వాళ్లకు చిన్న చిన్న పిల్లలుంటరు అనుకున్న. గీ సంగతి మా ఆయనకు సుత చెప్పలే."

అడగకుండా ఉండలేక అడిగాను. "మరి తీసేసిన్రనుకున్నంక ప్రతిపారి గా బస్సెక్కి ఎందుకొచ్చినవమ్మా?"

"రాకుంటే ఆయనకు తెలుస్తది గదా బిడ్డా," అంది.